ముందు చెప్పాల్సిన మాట

2017 డిసెంబరులో కువైట్‌లోని ఒక పోలీసు స్టేషన్లో, ఒక కోనసీమ అమ్మాయి తెలుగులో అన్న మాటను నేను అరబీలో చెప్పాను. తప్పేమీ చెప్పలేదు. ఆమె ఏమందో అదే అన్నాను. ఆ మాట వల్ల ఆమెకు రావాల్సిన ఏడు నెలల జీతం పోయింది. వేలిముద్రలు తీసి ఇండియా విమానం ఎక్కించేశారు. ఈ సంగతి ఇన్నేళ్లూ నలుగురిలో చెప్పలేదు. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఇంకా గల్ఫ్‌కి వెళ్తూనే ఉన్నారు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

మాది పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండ. వాసవీ కన్యకాపరమేశ్వరి గుడి వల్ల ఎక్కడెక్కడి వాళ్లకో తెలిసిన ఊరు. మా ఇల్లు గుడికి దూరంగా, కాలవగట్టు మీద. పదో తరగతి దాకా చదివాను. పెళ్లయ్యాక లేసు అల్లేదాన్ని. నరసాపురం లేసని పేరేగానీ, దారం ఇచ్చి అల్లికలు పట్టుకెళ్లే ఏజెంటు చేతిలో పెట్టేది కూరగాయల ఖర్చుకే సరిపోయేది. మా ఆయన కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక వైద్యానికి చేసిన అప్పు వడ్డీలతో పెరిగిపోయింది. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే ఆడదానికి ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. నాకు ముప్పై ఒకటి. 2014లో పిల్లలిద్దరినీ మా అమ్మ దగ్గర వదిలి వెళ్లాను.

నన్ను దింపింది జహ్రాలో. కువైట్ సిటీకి పడమటి వైపున్న ఊరు. ఆ ఇంట్లో నా పని ముసలావిడను చూసుకోవడం. ఆవిడకు చూపు పోయింది, కాళ్లు స్వాధీనంలో లేవు. ఇంట్లోవాళ్లు ఆవిడను యుమ్మా అనేవారు. మన అమ్మ లాంటి మాటే కదా అని నేనూ అలాగే పిలిచాను. చూపులేని మనిషికి సైగలు పనికిరావు. మంచినీళ్లు కావాలన్నా, పక్కకి తిప్పమన్నా నోటితోనే చెప్పాలి, నేను నోటితోనే బదులివ్వాలి. అందుకే నాకు అరబీ వచ్చింది. నాతోపాటు వచ్చిన మిగతావాళ్లు నాలుగేళ్లున్నా తాల్, రూహ్ దగ్గరే ఆగిపోయారు. రమ్మనడం, పొమ్మనడం. వాళ్లతో ఇంకేమైనా మాట్లాడేవాళ్లుంటే కదా.

మొదటి నెలల్లో చాలా తిట్లు తిన్నాను. కువైటీలు లేదు అనడానికి మాకూ అంటారు. మాకూ హలీబ్ అంటే పాలు లేవని. నేను మాకు పాలు కావాలంటున్నారేమో అనుకునేదాన్ని. పాత క్యాలెండరు కాగితాల వెనక రోజూ పది మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. కొన్ని ధ్వనులకు మనకు అక్షరాలు లేవు. గొంతు లోపల్నుంచి వచ్చే ఐన్‌ను ఎలా రాయాలో తెలియక దాని కింద చుక్క పెట్టుకునేదాన్ని. కొన్ని మాత్రం మనకు తేలిక. టీవీలో సమక్ అనే చేపను యుమ్మా సిమచ్ అనేది. చ మన నోటికి అలవాటే. దజాజ్ అనే కోడి ఆవిడ నోట్లో దియాయ్. ఆ ఇంటి చిన్న పిల్లలు స్కూల్లో నేర్చుకునే అరబీ ఒకటి, ఆవిడ మాట ఒకటి. నేను నేర్చుకున్నది ఆవిడ మాట.

ఆవిడ దగ్గరే ఒక మాట పట్టుబడింది. అది ఇన్‌హాష్. పారిపోవడం. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు యుమ్మా పిల్లల్ని వేసుకుని ఎడారిలో కారు మీద సౌదీ సరిహద్దు దాటిందట. ఆ కథ వారానికొకసారైనా చెప్పేది. ఇన్‌హష్నా, ఇన్‌హష్నా అనేది. పారిపోయాం, పారిపోయాం అని. అలా అన్నప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఆవిడ నోట ఆ మాటలో సిగ్గు లేదు, నేరం లేదు. ప్రాణాలు దక్కించుకున్న మనిషి మాట అది. నా చెవిలో అలాగే ఉండిపోయింది.

2017 మేలో యుమ్మా పోయింది. కొడుకుల మధ్య ఇంటి తగాదా మొదలైంది. నా జీతం ఎవరిస్తారన్నదీ ఆ తగాదాలో కలిసిపోయింది. అప్పటికి నాకు నెలకు 60 దీనార్లు. ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది, 2016లో కనీస జీతం 60 దీనార్లని పెట్టింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, సర్వీసు పూర్తయితే ఏడాదికో నెల జీతం, అన్నీ ఆ చట్టంలో ఉన్నాయి. అవన్నీ నాకు ఎంబసీకి వెళ్లాకే తెలిశాయి. అయిదు నెలలు చూశాను. నవంబరులో ఒక ఉదయం దాచుకున్న అయిదు దీనార్ల నోటు పట్టుకుని, వీధి తలుపులోంచే బయటికొచ్చి టాక్సీ ఎక్కాను. సఫారా హిందియా అన్నాను. భారత ఎంబసీ.

అక్కడి కిటికీ దగ్గర నేను మొదట అన్నది, అయిదు నెలల జీతం రావాలి, ఇంటికెళ్లాలి అని. అదే రోజు అది జీతం ఫిర్యాదుగా కాగితం మీదికెక్కింది. అలా ఫిర్యాదుగా ఎక్కడం ఎంత పెద్ద సంగతో అప్పుడు నాకు తెలియదు.

ఎంబసీ షెల్టర్లో మాలాంటి ఆడవాళ్లను ఉంచేవారు. తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. కడప జిల్లా వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు ఎక్కువ. ఒక్కొక్కరి గోడు బయటికి ఎలా వెళ్లేదో చూస్తే గుండె జారిపోయేది. మనవాళ్లు తెలుగులో చెబితే కొంచెం హిందీ వచ్చిన ఇంకో ఆమె హిందీలో చెప్పేది. ఆ హిందీని ఎంబసీ మనిషి అరబీలో చెప్పేవాడు. పోలీసులో యజమానులో అడిగింది మళ్లీ అదే దారిన వెనక్కి వచ్చేది. అరగంట ఏడ్చి చెప్పింది మూడో మనిషి నోట్లో రెండు మాటలయ్యేది. అన్నం పెట్టలేదు అన్నది తిండి నచ్చలేదు అయ్యేది. తలకేసి కొట్టింది అన్నది కోప్పడింది అయ్యేది. ఎవరూ కావాలని చేసింది కాదు. వాళ్లకు వచ్చిన మాటలు అంతే.

అక్కడి అధికారుల్లో ఒకాయన అరబీ చదువుకున్నవాడు. మన విదేశాంగ సర్వీసులో చేరినవాళ్లు ఒక విదేశీ భాష నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. అరబీ కేటాయించినవాళ్లను కైరో లాంటి చోట్లకు చదువుకు పంపుతారు. ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే టీవీలో వార్తలు విన్నట్టుండేది. మంత్రిత్వ శాఖకు ఉత్తరం రాయాలంటే ఆ అరబీయే కావాలి. ఇంటి యజమానురాలు ఫోన్లో గుక్క తిప్పుకోకుండా అరుస్తుంటే మాత్రం ఆయనకు సగమే అర్థమయ్యేది. ఒకరోజు నేను పక్కన ఉండి మిగతా సగం హిందీలో చెప్పాను. ఆ రోజు నుంచీ నన్ను పిలిచేవారు. నా మీద కేసు లేదు, అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, గడువు ఇంకా ఉంది. నన్ను బయటికి తీసుకెళ్లడానికి వాళ్లకు ఇబ్బంది లేదు. జీతం కాదు, ఉద్యోగం కాదు. నేనే ఒప్పుకున్నాను. గదిలో కూర్చుని కన్నీళ్లు లెక్కపెట్టుకునే కన్నా నయమనిపించింది.

ఆ అమ్మాయి డిసెంబరులో వచ్చింది. రాజోలు దగ్గర పల్లె. పాస్‌పోర్టులో ముప్పై రెండేళ్లు, అసలు వయసు ఇరవై నాలుగు. వయసు నిబంధన దాటించడానికి ఏజెంటు పెంచిన ఎనిమిదేళ్లు. తెల్లారుగట్ల వెనక గోడ దూకిందట, చీలమండ వాచిపోయి ఉంది. రోడ్డు మీద ఏడుస్తుంటే ఎవరో తెలుగు డ్రైవరు ఎంబసీ గేటు దగ్గర దింపి వెళ్లాడు. నేను పెనుగొండ అనగానే, అక్కా మా చిన్నమ్మను మీ పక్క మార్టేరులోనే ఇచ్చారక్కా అని నా ఒళ్లో తలపెట్టి పడుకుంది.

ఆ సాయంత్రమే ఎంబసీ మనిషి ఆమెను ఆ యజమాని ఇల్లున్న ప్రాంతపు పోలీసు స్టేషన్‌కి, అక్కడివాళ్ల మాటలో మఖ్ఫర్‌కి, తీసుకెళ్లాడు. తెలుగుకి నేను. స్టేషన్లో ఉన్న పోలీసు కుర్రవాడు చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు, ఆ పిల్లకు మంచినీళ్ల సీసా ఇచ్చాడు. తర్వాత అడిగాడు, ఇంట్లోంచి ఎలా బయటికి వచ్చావు అని. శ్లోన్ తలఅతీ అన్నాడు. ఆ ప్రశ్నను అక్షరం పోకుండా ఈ రోజుకీ చెప్పగలను. అతను అడిగిన మాటలో ఉన్నది బయటికి రావడమే.

నేను ఆమెను అడిగాను. ఆమె ఒక్క ఊపిరిలో, కొట్టి చంపేస్తారని గోడ దూకి పారిపోయి వచ్చేశానక్కా అంది.

ఇన్‌హాషత్ అన్నాను నేను. పారిపోయింది.

అతను రాస్తున్నది ఆపి తల ఎత్తాడు. ఇన్‌హాషత్? అని మళ్లీ అడిగాడు. ఆ అడగడంలో ఏదో ఉందని నాకు తోచి ఉండాల్సింది. తోచలేదు. నా చెవిలో యుమ్మా గొంతు ఉంది. అవునని తల ఊపాను. అతను రాసుకున్నాడు. ఆ తర్వాత దెబ్బల సంగతి చెప్పాను, ఏడు నెలల జీతం సంగతి చెప్పాను. జీతం వేరే ఆఫీసు చూస్తుందన్నాడు. దెబ్బలకు డాక్టరు కాగితం ఏదన్నాడు. చివర్న ఒక కాగితం ముందుకు తోశాడు. నాకు అరబీ మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. అందులో ఏముందో చదివి వినిపించమని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. ఇక్కడ సంతకం పెట్టమ్మా అని ఆ పిల్లకు పెన్ను అందించింది నేనే.

కువైట్‌లో ఇంటిపని మనిషి చెప్పకుండా ఇల్లు వదిలితే యజమాని పరారీ కేసు పెట్టొచ్చు. తగయ్యుబ్ అంటారు. ఆ కేసు పడితే అకామా పోతుంది, పోలీసులు పట్టుకుని దేశం దాటించవచ్చు. దానికన్నా ముందు మనిషి తానుగా వచ్చి ఫిర్యాదు ఇస్తే లెక్క వేరు. అప్పుడు ఆమె పరారైన మనిషి కాదు, న్యాయం అడగడానికి వచ్చిన మనిషి. మేము స్టేషన్‌కి వెళ్లేటప్పటికి ఆ యజమాని ఇంకా ఏ కేసూ పెట్టలేదు. మర్నాడు వచ్చాడు. ఆమె పారిపోయిందని ఆమె నోటి మాటగా కాగితం సిద్ధంగా ఉంది. ఇక అతను కొత్తగా రుజువు చేసుకోవాల్సింది ఏముంది?

ఎంబసీవాళ్లు ఆమె కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ కాగితమే ప్రతిచోటా ఎదురొచ్చింది. ఏడు నెలలకు 420 దీనార్లు. ఆనాటి లెక్కన దాదాపు తొంభై వేల రూపాయలు. అందులో ఒక్క దీనారు కూడా రాలేదు. సంక్రాంతికి ముందు ఆమెను డిపోర్టేషన్ కేంద్రం నుంచే విమానాశ్రయానికి పంపేశారు. వేలిముద్ర పడితే మళ్లీ కువైట్‌లో అడుగు పెట్టడానికి లేదు. వెళ్లేముందు ఆమె నాతో మాట్లాడే వీలు కూడా దొరకలేదు.

జనవరి 29న కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష మొదలుపెట్టింది. 2011 తర్వాత అదే మొదటిది. అకామా లేనివాళ్లు, ఇళ్లు వదిలి వచ్చినవాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చు, కావాలంటే మళ్లీ రావచ్చు. ముందు ఫిబ్రవరి 22 వరకన్నారు, తర్వాత ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. ఆ పిల్ల మరో మూడు వారాలు షెల్టర్లో ఉండి ఉంటే వేలిముద్ర పడకుండా వెళ్లేది. ఆ సంగతి తెలిసిన రాత్రి నేను అన్నం తినలేదు.

అంతకుముందే నేను పని మానేశాను. పిలిస్తే తలనొప్పి అన్నాను. మాట్లాడితే మనిషి మునిగిపోతుందన్న భయం. ఆ అరబీ వచ్చిన అధికారి ఒకరోజు నన్ను కూర్చోబెట్టి అడిగాడు. జరిగింది చెప్పాను. ఆయన ఓదార్చలేదు. ఆ పోలీసు నిన్ను ఏమడిగాడో మళ్లీ చెప్పు అన్నాడు. చెప్పాను. ఆమె ఎందుకు బయటికి వచ్చిందో నువ్వు అతనికి ఎప్పుడు చెప్పావు అన్నాడు. తర్వాత చెప్పానన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

నాకు అక్కడే వెలిగింది. నేను అబద్ధం ఆడాల్సింది కాదు. గోడ దూకిందన్నది నిజం, అదీ చెప్పాల్సిందే. కానీ ఆమె వచ్చింది ఫిర్యాదు చేయడానికి. అది ముందు చెప్పాల్సిన మాట. దాన్ని నేను వెనక చెప్పాను. పైగా, మన తెలుగులో పారిపోయి వచ్చేశాను అనే మాటలో వచ్చేశాను అన్నదే బరువు. చేరుకున్నాను, బతికాను అని. నేను ముందు ముక్క పట్టుకుని వెనక ముక్క వదిలేశాను.

క్షమాభిక్ష మొదలయ్యాక ఎంబసీ ముందు జనం ఎండలో బారులు తీరారు. చాలామందికి పాస్‌పోర్టు లేదు. వాళ్లకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్, మనవాళ్ల మాటలో అవుట్‌పాసు, ఇవ్వాలి. దానికి ఊరూ పేరూ సరిగా రాయాలి. ఫారాలు నింపే బల్ల దగ్గర నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఒక పెద్దావిడ మాది పెనుకొండ అంటే, నీ ఊరి మనిషి వచ్చిందని నా దగ్గరికి పంపారు. ఆవిడ రాయలసీమ మాట వినగానే తెలిసింది, ఆవిడది అనంతపురం వైపు పెనుకొండ. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా. ఫారంలో మా జిల్లా పేరు పడి ఉంటే వాకబు మా ఊరికి వెళ్లేది, అక్కడ అలాంటి మనిషే లేదని తిరిగొచ్చేది. దేశం కాని దేశంలో మన యాస తెలిసినవాళ్లు బల్లకి ఇవతల ఒక్కరున్నా ఎంత పని జరుగుతుందో ఆ రోజు చూశాను. తెలుగువాళ్లు ఇంతమంది పనిచేసే చోట ఎంబసీలో తెలుగు, అక్కడి వాడుక అరబీ రెండూ వచ్చిన మనిషిని జీతమిచ్చి పెట్టుకోవాలని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆ మూడు నెలలూ నేను ఎవరి తరఫున నోరు విప్పాలన్నా ముందు ఆమెను పక్కకి తీసుకెళ్లి తెలుగులో అడిగేదాన్ని. నీకు ఏం కావాలి? జీతమా, పాస్‌పోర్టా, ఇంటికెళ్లడమా? అది విన్నాకే అరబీలోకి దిగేదాన్ని. ఏ కాగితమైనా చదివి వినిపించండి అనేదాన్ని. ఒకసారి ఆచంట వైపు ఆమె యజమానురాలికి ఫోన్ చేశాను. నువ్వెవరు అని విరుచుకుపడింది. యుమ్మా ఎలా మాట్లాడేదో అలాగే మొదలుపెట్టాను, అల్లా యఖల్లీచ్ అని. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ అని. ఈమె తల్లి మంచంలో ఉంది, మూడు నెలల కష్టం మీ దగ్గరుంది అన్నాను. చాలాసేపు అవతల చప్పుడు లేదు. రెండు రోజులకు డ్రైవరు చేత డబ్బు, పాస్‌పోర్టు రెండూ పంపింది. ఆవిడ మొత్తం పంపింది, తక్కువేమీ లేదు. ఆసుపత్రులకీ వెళ్లాను, మార్చురీకీ వెళ్లాను. ఆ సంగతులు ఇక్కడ రాయను. ఆ కుటుంబాలు బతికున్నాయి.

నా పాస్‌పోర్టు, మూడు నెలల జీతం ఏప్రిల్లో చేతికొచ్చాయి. మిగతా రెండు నెలలు వదులుకున్నాను. హైదరాబాద్‌లో దిగి, రైల్లో రాత్రంతా కూర్చుని, తణుకులో బస్సెక్కి ఇంటికొచ్చాను. మా చిన్నది నన్ను చూసి వెళ్లి వాళ్ల అమ్మమ్మ కొంగు వెనక నిలబడింది.

వారం తిరక్కుండా పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి ఆ అమ్మాయి ఊరు వెళ్లాను. రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పనికి పోతోంది, సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆమె వచ్చింది. ఐసులో నానిన వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను అంతా చెప్పాను. అతను ఏమడిగాడో, నేను ఏమన్నానో, ఏమనాల్సిందో. ఆమె విని, నేనే కదక్కా పారిపోయానన్నాను అంది. వాళ్లమ్మ మాత్రం నాతో ఏమీ మాట్లాడలేదు. బస్సు దాకా వచ్చి, మా పిల్లలకిమ్మని రెండు కొబ్బరికాయలు సంచిలో వేసింది. ఆ మౌనాన్ని నేను తప్పు పట్టను.

ఇప్పుడు మళ్లీ లేసు అల్లుతున్నాను. గల్ఫ్ వీసా వచ్చిందని తెలిసినవాళ్లు వెళ్లేముందు మా ఇంటికొస్తారు. వాళ్లకు తాల్, రూహ్ నేర్పను. అవి అక్కడివాళ్లే నేర్పుతారు. ఒక్క వాక్యం తెలుగు అక్షరాల్లో రాసిచ్చి, పది రోజులు నా ముందు పలికిస్తాను. ఆనా యాయా అష్తకీ. నేను ఫిర్యాదు చేయడానికి వచ్చాను. మీ ఇంటి నుంచి ఎవరైనా కువైట్‌కి వెళ్తుంటే ఈ వాక్యం రాసి బట్టల మధ్య పెట్టండి. ఇల్లు దాటాల్సి వస్తే దాటిన రోజే, మఖ్ఫర్ అయినా ఎంబసీ అయినా, నోరు తెరవగానే అనాల్సింది ఇదేనని చెప్పండి. తనకు చదివి వినిపించని కాగితం మీద సంతకం పెట్టవద్దని చెప్పండి, పెన్ను అందించేది మన తెలుగు మనిషే అయినా సరే.